గండిపేట గేట్లు, మూసీ ఒడ్డు నడకదారి

ఏటి ఒడ్డున తోట, ఆ తోటకు ఊళ్లోంచి నడిచి వెళ్లే దారి అనగానే మన ధ్యాస ముందు రాళ్ల మీదికి, రెయిలింగుల మీదికి, దీపాల మీదికి పోతుంది. ఎంత ఎత్తున వేయాలి, ఏ రాయి పరచాలి, ఎన్ని కోట్లవుతుంది అన్నవే చర్చకు వస్తాయి. హైదరాబాదు నగరం మూసీ ఒడ్డున ఇలాంటి దారి కోసం నూరేళ్లకు పైగా పడిన పాట్లను వరసగా చూస్తే మాత్రం అసలు విషయం వేరే చోట తేలుతుంది. ఊరికి ఎగువన ఉన్న జలాశయాల్లో ఆ రోజుకు ఎంత ఖాళీ ఉంది, ఆ గేట్లు ఎప్పుడు ఎత్తారు అన్నవే ఒడ్డున నడిచే మనిషి క్షేమాన్ని ఎక్కువగా నిర్ణయిస్తూ వచ్చాయి. 1909లో ఒక ఇంజినీరు ఈ సంగతి గ్రహించి ఎగువ జలాశయాన్నీ, ఊళ్లోని గట్టునూ, గట్టు మీది తోటనూ ఒకే పనిగా చూశాడు. తరవాత మనం ఆ మూడింటినీ విడగొట్టి, వేర్వేరు శాఖలకు పంచాం. మూసీ ఒడ్డు నడకదారి చరిత్ర నా దృష్టిలో ఆ విడగొట్టడం చరిత్రే. ఇప్పుడు మళ్లీ 55 కిలోమీటర్ల మేర ఒడ్డును బాగు చేస్తామంటున్న సమయంలో ఆ చరిత్రను వివరంగా చూడటం అవసరం.

1908 సెప్టెంబరుకు ముందు హైదరాబాదుకూ మూసీకీ మధ్య దూరమంటూ లేదు. పాతనగరం కోటగోడ ఉత్తరాన ఏటి వెంబడే సాగేది. అఫ్జల్ దర్వాజా, చంపా దర్వాజా, దిల్లీ దర్వాజా దాటితే ఎదురుగా ఏరే. రెండు ఒడ్లా అంగళ్లు, ఆసుపత్రి, ఇరుకు గల్లీలు, మట్టి గోడల ఇళ్లు నీళ్ల అంచు దాకా వచ్చేశాయి. ఏడాదిలో ఎక్కువ నెలలు మూసీ ఇసుకలో సన్నటి పాయ మాత్రమే. ఏటికి అంత దగ్గరగా ఇల్లు కట్టుకునే ధైర్యాన్ని జనానికి ఇచ్చింది ఆ సన్నటి పాయే. వికారాబాదు దగ్గర అనంతగిరి కొండల్లో పుట్టిన ఈ నది పెద్దదేమీ కాదు. దాని ఉపనది ఈసీ లంగర్‌హౌజ్ దగ్గర వచ్చి కలుస్తుంది. రెండింటి పరీవాహకం నగరం దగ్గరికి వచ్చేసరికి 862 చదరపు మైళ్లు. అంత నేల మీద ఒకేసారి కుండపోత పడితే ఏమవుతుందో ఆలోచించే అవసరం అప్పటి తరానికి రాలేదు. నిజానికి హెచ్చరికలు లేకపోలేదు. ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో, 1578లో, గోల్కొండ నుంచి వచ్చే దారి కోసం కట్టిన పురానాపూల్ వరదల్లో దెబ్బతిని, 1820లో సికందర్ జా హయాంలో మరమ్మతుకు నోచుకుంది. కానీ వంతెన బాగుపడగానే వరద మాట మరుగున పడింది.

1908 సెప్టెంబరు 26న మొదలైన వాన ఆగలేదు. శంషాబాదులో 24 గంటల్లో 12.8 అంగుళాలు, 48 గంటల్లో 18.9 అంగుళాలు కురిసింది. 28వ తేదీ పగటికి మూసీ పతాక స్థాయికి చేరింది. నయాపూల్, ముసల్లం జంగ్ పూల్, చాదర్‌ఘాట్ వంతెనలు తెగాయి. పురానాపూల్ దెబ్బతిన్నా నిలిచింది. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి కొట్టుకుపోయింది. 15,000 మంది దాకా చనిపోయారని, 19,000 ఇళ్లు కూలాయని, 80,000 మంది నిలువ నీడ కోల్పోయారని అంచనాలు చెబుతాయి. ఆసుపత్రి ఆవరణలోని ఒక చింతచెట్టు ఎక్కి 150 మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారన్న సంగతిని నగరం ఇప్పటికీ తలచుకుంటుంది. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ప్రాంగణంలో ఉంది. ఈ కథనాల్లో జాలి ఎంత సహజమో, కారణాన్ని వదిలేయడం అంత తేలిక. ఆ వరదను వాన ఒక్కటే తేలేదు. మూసీ, ఈసీల పరీవాహకంలో 788 చెరువులు ఉండేవి, అంటే దాదాపు చదరపు మైలుకొకటి. కాకతీయుల కాలం నుంచీ మన పెద్దలు కట్టుకుంటూ వచ్చిన గొలుసుకట్టు అది. పై చెరువు మత్తడి దూకితే ఆ నీరు కింది చెరువులోకి చేరుతుంది. మామూలు ఏడాదిలో ఆ గొలుసే పంటను కాపాడుతుంది. ఆ రెండు రోజుల్లో మాత్రం పై కట్ట తెగి, ఆ నీరంతా ఒక్కసారిగా కింది చెరువు మీద పడి దాన్నీ తెంపింది. అలా 221 చెరువులు తెగాయి. పాల్మాకుల చెరువు తెగి దిగువన పర్తి చెరువును తెంపిన వైనం తరవాతి విచారణలో ప్రత్యేకంగా నమోదైంది. అంటే నగరం మీద పడింది ఒక్క వాన నీరు కాదు, ఊళ్లు అప్పటికే కొన్ని నెలలుగా పట్టి దాచుకున్న నీరు కూడా. ఎగువన నిండుగా ఉన్న చెరువు వరదను ఆపదు, ఇంకా పెంచుతుంది. ఈ ఒక్క విషయాన్ని గుర్తుపెట్టుకుంటే తరవాతి వందేళ్లలో జరిగినవన్నీ అర్థమవుతాయి.

బొంబాయి ప్రభుత్వ కొలువు నుంచి విరమించుకున్న మోక్షగుండం విశ్వేశ్వరయ్యను నిజాం ప్రభుత్వం పిలిపించింది. ఆయన 1909 ఏప్రిల్‌లో హైదరాబాదులో పని మొదలుపెట్టి, అక్టోబరు 1న నివేదిక ఇచ్చాడు. పుణె దగ్గర ఖడక్‌వాస్లా జలాశయానికి తనంతట తాను తెరుచుకునే గేట్లు అమర్చిన మనిషి ఆయన, కాబట్టి నీటిని ఎప్పుడు పట్టాలో ఎప్పుడు వదలాలో అన్న ప్రశ్న ఆయనకు కొత్త కాదు. 1908 వరద నగరం దగ్గర 4,25,000 క్యూసెక్కుల దాకా వచ్చిందని ఆయన లెక్క కట్టాడు. అంత నీటిని ఊళ్లోంచి పోనిచ్చే గోడ కట్టాలంటే సగం నగరాన్ని పడగొట్టాలి. అందుకని ఆయన గోడతో మొదలుపెట్టలేదు. ఊరికి ఎగువన మూసీ మీద ఒకటి, ఈసీ మీద ఒకటి జలాశయం కట్టి వరదను అక్కడే పట్టాలన్నాడు. అలా పట్టగా మిగిలింది మాత్రమే ఊళ్లోంచి పోవాలి. ఆ మిగిలినదాని కోసం ఒడ్లు ఎత్తు చేసి, రాతి గోడలు కట్టి, వాటి వెంబడి జనం నడిచే దారులు, తోటలు వేయాలన్నాడు. ఆ నివేదికలో నడకదారి అలంకారంగా చేర్చినది కాదని నేను నమ్ముతాను. ఒడ్డున తోట ఉంటే అక్కడ ఇళ్లు లేవవు. ఎప్పుడో ఒకసారి నీళ్లు గోడ దాటినా మునిగేది గడ్డి, మొక్కలు, బెంచీలే. పసిపిల్లలు నిద్రపోయే ఇల్లు లేచే చోట పచ్చిక ఉండటమే పెద్ద రక్షణ. రోజూ వందల మంది నడిచే చోట గోడకు బీట పడితే మర్నాడే నలుగురి కంట పడుతుంది కూడా.

ఆ రాతి గోడల గురించి కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే ఇవాళ ఏటి ఒడ్డు పనుల్లో తప్పులు జరిగేది ఇక్కడే. వరద గోడ ఎక్కువగా కూలేది నీరు ఉధృతంగా ఉన్నప్పుడు కాదు, నీరు దిగిపోయేటప్పుడు. ఏరు నిండుగా ఉన్నంతసేపూ ఆ నీరు గోడను బయటి నుంచి నొక్కి పట్టి ఉంచుతుంది. ఈలోగా గోడ వెనక మట్టి కూడా నీటితో నానిపోతుంది. ఏరు కొన్ని గంటల్లో దిగిపోతుంది గాని మట్టిలోని నీరు అంత తొందరగా దిగదు. అప్పుడు బయటి ఆసరా పోయి, వెనక నుంచి తోపు మాత్రమే మిగులుతుంది. గోడ ఏటిలోకి ఒరిగిపోతుంది. దాని పైన వేసిన నడకదారి దానితోపాటే పోతుంది. అందుకే మంచి గోడకు అడుగు నుంచి పైదాకా వరసలుగా నీరు కారే రంధ్రాలు ఉంచుతారు. వాటి వెనక మట్టి నేరుగా తగలకుండా కంకర, గులకరాళ్లు పోస్తారు. రెండో ప్రమాదం పాదం దగ్గర. వేగంగా పోయే నీరు పునాది కింది ఇసుకను తవ్వుకుపోతుంది. అందుకని గోడ పాదం రాతి నేలను తాకాలి, లేదా ముందు బండరాళ్లు పేర్చాలి. మూసీ గోడలు నూరేళ్లుగా చాలా చోట్ల నిలిచి ఉన్నాయంటే అప్పటి మేస్త్రీలకు ఈ రెండు సంగతులూ తెలుసన్నమాటే. నయాపూల్ మీద నుంచి చూస్తే ఆ రాతి వరసలు ఇప్పటికీ కనిపిస్తాయి.

పని ఒక్కసారిగా జరగలేదు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ 1911లో కన్నుమూశాడు. ఉస్మాన్ అలీ ఖాన్ గద్దెనెక్కాక, 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. గండిపేట దగ్గర మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. వరద తుడిచేసిన, బోర్డు ఖాళీ చేయించిన ఒడ్ల మీద హైకోర్టు 1920లో తెరుచుకుంది. సిటీ కాలేజీ, ఉస్మానియా ఆసుపత్రి, 1936 నాటికి అఫ్జల్‌గంజ్‌లో ఆసఫియా గ్రంథాలయ భవనం లేచాయి. వాటి ముందు, వంతెనల మధ్య తోటలు వేశారు. నగరం తన అందమైన భవనాలను ఏటి వైపు ముఖం పెట్టి కట్టుకుంది. ఇరవై ఏళ్ల కిందట శవాలు తేలిన చోట జనం సాయంత్రం పూట కూర్చోవడానికి వచ్చారంటే అది చిన్న విజయం కాదు. ఎగువన రెండు జలాశయాలు ఉన్నాయన్న నమ్మకం మీదే ఆ తోట నిలిచింది.

ఆ నమ్మకంలోనే చిక్కు కూడా ఉంది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌లు వరదను పట్టడానికి పుట్టాయి, కానీ కట్టిన నాటి నుంచే నగరానికి తాగునీళ్లూ ఇచ్చాయి. ఈ రెండు పనులూ ఒకదానికొకటి ఎదురు. తాగునీటికైతే జలాశయం నిండుగా ఉండాలి, వరదకైతే ఖాళీగా ఉండాలి. ఊరు పెరిగే కొద్దీ, ఎండాకాలంలో గండిపేట అడుగంటుతుందేమోనన్న భయం ముందు, ఎప్పుడో వచ్చే వరద భయం వెనకబడింది. నిండితే పండగ, నిండకపోతే వార్త. జలాశయం నిండటమే దాని ఆరోగ్యానికి గుర్తు అన్న భావన స్థిరపడింది. దీనివల్ల నడకదారికి రెండు వైపులా దెబ్బ తగిలింది. మామూలు రోజుల్లో నీరంతా పైనే ఆగిపోవడంతో ఊళ్లో మూసీ ఎండింది. ఎండిన ఏటిలోకి నగరం మురుగు చేరింది. తోటలో కూర్చునే మనిషిని వరద తరమలేదు, కంపు తరిమింది. వానాకాలం చివర్లో మాత్రం నిండిన జలాశయాల గేట్లు ఒక్కసారిగా ఎత్తాల్సి వచ్చి, ఎండిన ఏరు కొన్ని గంటల్లో పొంగసాగింది. 1922లో విశ్వేశ్వరయ్యను మళ్లీ పిలిపించి భూగర్భ మురుగునీటి పథకం వేయించారు. మురుగు వేరే దారిన పోకపోతే ఒడ్డున తోట నిలవదని అప్పటి పాలకులు గుర్తించినట్టే ఉంది. కానీ ఆ పథకం నగరంతో సమానంగా ఎదగలేదు.

లెక్క చూస్తే చిక్కు ఇంకా స్పష్టమవుతుంది. పూర్తి మట్టాల దగ్గర ఉస్మాన్‌సాగర్ సామర్థ్యం 3.9 టీఎంసీలు, హిమాయత్‌సాగర్‌ది 2.97 టీఎంసీలు. రెండూ కలిపి 6.87. 4,25,000 క్యూసెక్కుల ప్రవాహం గంటకు ఒకటిన్నర టీఎంసీల నీటిని తెస్తుంది. అంటే రెండు జలాశయాలూ పూర్తిగా ఖాళీగా ఉంటే 1908 నాటి పతాక ప్రవాహాన్ని నాలుగున్నర గంటల పాటు మింగగలవు. పతాక స్థాయి రోజుల తరబడి ఉండదు, కొన్ని గంటలే. ఆ కొన్ని గంటల్ని కోసేయగలిగితే ఊరు గట్టెక్కుతుంది. సగం నిండి ఉంటే రక్షణ సగానికి తగ్గుతుంది. అంచు దాకా నిండి ఉంటే ఆ ఆనకట్టలు వరద ముందు దాదాపు లేనట్టే, వచ్చిన నీటిని వచ్చినట్టు కిందికి పంపడం తప్ప చేయగలిగిందేమీ ఉండదు. ఇంత పెద్ద తేడా ఒడ్డున రాయిని రెండడుగులు ఎత్తు పెంచడంతో రాదు.

ఇక్కడ ఒక మంచి అవకాశం మన ముందుంది. దాన్ని పూర్తిగా తిరగేసి చదివాం. మంజీరా, సింగూరు, ఆ తరవాత కృష్ణా, 2015 చివర్లో గోదావరి నీళ్లు నగరానికి చేరాక గండిపేట నీటి మీద నగరం ఆధారపడటం బాగా తగ్గింది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జంట జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల పరిధిలో పెద్ద నిర్మాణాలు రాకుండా 1996 మార్చిలో వచ్చిన జీవో 111 కాపాడుతూ వచ్చింది. 84 గ్రామాలు దాని కిందికి వచ్చాయి. 2022 ఏప్రిల్‌లో వచ్చిన జీవో 69 ఆ ఆంక్షలను తొలగించడానికి చూపిన కారణం ఈ జలాశయాల నుంచి వచ్చే నీరు నగర అవసరాల్లో 1.25 శాతానికి మించదని. ఈ వాదనను నేను తల్లకిందులుగా చూస్తాను. తాగునీటికి వాటి అవసరం తగ్గిందంటే అవి తాము పుట్టిన పనికి మళ్లీ స్వేచ్ఛగా దొరికాయని అర్థం. నిండుగా ఉంచాలన్న ఒత్తిడి పోయింది కాబట్టి సెప్టెంబరులో కొంత ఖాళీ ఉంచే వీలు నూరేళ్లలో మొదటిసారి గట్టిగా వచ్చింది. అదే సమయంలో పరీవాహకం మీద కాంక్రీటు పరిస్తే, ఇంతకుముందు నేలలో ఇంకి రెండు రోజులకు చేరే నీరు గంటల్లో చేరుతుంది. ఒక చేత్తో నదీతీరానికి నడకదారి వేస్తూ, మరో చేత్తో దాని మీదికి వరదను తొందరపెట్టడం తగదు.

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం గట్టిదే. గేట్ల నిర్వహణ మీద ఆధారపడటం కన్నా మంచి గోడ కట్టుకోవచ్చు కదా, విజయవాడ కృష్ణలంకలో రిటైనింగ్ వాల్ 2024 సెప్టెంబరులో ఏం చేసిందో చూడలేదా అంటారు. చూశాం. ప్రకాశం బరాజ్ దగ్గర 11.4 లక్షల క్యూసెక్కులు దాటిన రికార్డు ప్రవాహంలో ఆ గోడ కృష్ణలంకను కాపాడింది. దాని విలువను తక్కువ చేయలేం. కానీ అవే రోజుల్లో అదే నగరంలో సింగ్‌నగర్ పీకల్లోతు నీళ్లలో మునిగింది. ఆ నీరు కృష్ణ నుంచి రాలేదు, గండ్లు పడిన బుడమేరు నుంచి వెనక వైపుగా వచ్చింది. గోడ తన ముందున్న నదికి మాత్రమే జవాబు చెప్పగలదు. పైగా కృష్ణకు అక్కడ కిలోమీటరు వెడల్పు ఉంది. మూసీకి అలాంటి వెడల్పు ఎక్కడిది? ఇరుకు ఏటికి రెండు వైపులా గోడలు పెంచుకుంటూ పోతే నీటికి వేగం పెరుగుతుంది, పాదం దగ్గర కోత పెరుగుతుంది, దిగువన ఉన్నవాళ్లకు ముప్పు పెరుగుతుంది. గోడ అవసరమే. విశ్వేశ్వరయ్య కూడా కట్టమన్నాడు, ఎగువన నీరు పట్టిన తరవాత.

రెండో అభ్యంతరం కాలానికి సంబంధించింది. 1908 సంగతి వేరు, ఇప్పటి ముంపు నదిది కాదు, నాలాలదీ రోడ్లదీ అని చాలామంది అంటారు. 2000 ఆగస్టులో ఒక్కరోజు 24 సెంటీమీటర్ల వానకు నగరం మునిగినప్పుడు హుస్సేన్‌సాగర్ దిగువ బస్తీలు తిన్న దెబ్బ ఈ మాటకు బలమిస్తుంది. 2020 అక్టోబరును చూస్తే మాత్రం పాత కథ మళ్లీ కనిపిస్తుంది. గగన్‌పహాడ్ దగ్గర అప్ప చెరువు తెగి బెంగళూరు రహదారి మీద కార్లు కొట్టుకుపోయాయి. బాలాపూర్ దగ్గర గుర్రం చెరువుకు గండి పడి పాతబస్తీ కాలనీలను ముంచింది. పాల్మాకుల చెరువు కథే ఇది, ఈసారి చెరువు శిఖంలో ఇళ్లున్నాయి, అంతే. ఇక నాలాల సంగతికొస్తే, నాలా నీరు చివరికి చేరాల్సింది మూసీలోకే. గేట్లెత్తిన నీటితో ఏరు అప్పటికే నిండి ఉంటే నాలా నోరు మూసుకుపోయి, నీరు వెనక్కి తన్ని బస్తీల్లో నిలుస్తుంది. ఎగువన ఆరు గంటలు నీరు ఆపగలిగితే ఆ ఆరు గంటలూ నాలాలు ఖాళీ అవుతాయి. నాలా ముంపు పెరిగిన కాలంలో జంట జలాశయాల ఖాళీ విలువ తగ్గలేదు, పెరిగింది.

మూడో అభ్యంతరం అన్నిటికన్నా బరువైనది. ఒడ్డును ఖాళీగా ఉంచాలంటే అక్కడున్నవాళ్లు ఎక్కడికి పోవాలి? 2024లో నదీగర్భంలో ఉన్నాయంటూ ఇళ్లకు ఎర్ర రంగుతో గుర్తులు వేసినప్పుడు చాదర్‌ఘాట్, మూసానగర్ బస్తీల్లో రేగిన ఆందోళన న్యాయమైనది. కూలికి పోయే చోటికి, పిల్లల బడికి, ఆసుపత్రికి నడిచి వెళ్లగల దూరంలో ఉన్నందుకే అక్కడ ఇల్లు కట్టుకున్నవాళ్లు వాళ్లు. ఇరవై కిలోమీటర్ల అవతల ఫ్లాటు ఇస్తే అది వాళ్ల బతుకుకు సరిపోదు. నూరేళ్ల కిందట సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు కూడా ఇళ్లు తీయించింది, కొన్నిచోట్ల చౌక ఇళ్లు కట్టించి ఇచ్చింది. దగ్గర్లో చోటు చూపించడం తప్పనిసరి షరతు కావాలి. అయితే ఏటి స్థలాన్ని ఆక్రమించినవాళ్లు పేదలే అన్నట్టు మాట్లాడటం సత్యం కాదు. మూసీ రెండు పాయల నడుమ ఇమ్లీబన్‌లో నగరంలోకెల్లా పెద్ద బస్‌స్టేషన్‌ను 1994లో తెరిచింది ప్రభుత్వమే. 2025 సెప్టెంబరు చివర్లో జంట జలాశయాల గేట్లు ఎత్తిన రాత్రి ఆ మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లోకి నీరు వచ్చి ప్రయాణికులు చిక్కుకుపోయారు. 1908తో పోలిస్తే అది చాలా చిన్న ప్రవాహం. ఎర్ర గుర్తు ఎవరి గోడ మీద ముందు పడాలో ఆ రాత్రి చెప్పింది. తోట వేయాల్సిన చోట రాజ్యమే కాంక్రీటు పోసినప్పుడు, పక్కన రేకుల షెడ్డు వేసుకున్నవాడిని మాత్రమే ఆక్రమణదారు అనడానికి మనకు నైతిక హక్కు లేదు.

మరి నడకదారి ఎలా ఉండాలి? వరదకు అందనంత ఎత్తులో కట్టాలని కొందరు, అసలు వద్దని కొందరు అంటారు. రెండూ కాదంటాను. పైన ఊరి మట్టంలో ఒక దారి, కింద నీటికి దగ్గరగా ఒక దారి ఉండాలి. కిందిది మునగడానికి సిద్ధపడి కట్టినది కావాలి. అహ్మదాబాదులో సబర్మతి ఒడ్డున దిగువ నడకదారి ఇలాంటిదే, ధరోయ్ నుంచి నీరు వదిలితే మునుగుతుంది, నీరు దిగాక బురద కడిగి మళ్లీ తెరుస్తారు. అయితే అక్కడ నదిని అంతటా 263 మీటర్ల ఒకే వెడల్పుకు కుదించి, మిగిలిన నేలను ఊరికి కలిపారు. ఆ కుదింపును మనం తెచ్చుకోకూడదు. సియోల్‌లో 2005లో తెరిచిన 5.8 కిలోమీటర్ల చియాంగ్‌గ్యేచాన్ వాగు ఒడ్డును చూసి రావడానికి మన ప్రతినిధులు వెళ్లారు. అక్కడ నేర్వాల్సింది ఫౌంటెన్లు కాదు. గట్టి వాన పడగానే కిందికి దిగే మెట్లు మూసేసి జనాన్ని పైకి పంపడం అక్కడ రోజువారీ నిర్వహణలో భాగం. మునిగే దారికి ప్రతి వంద అడుగులకో ర్యాంపు, మెట్లు ఉండాలి. ముసలివాళ్లు, చక్రాల కుర్చీలో వచ్చినవాళ్లు సైతం నిమిషాల్లో పైకి చేరగలగాలి. కరెంటు తీగలు, దుకాణాలు, మట్టి పోసిన పూలమళ్లు కింద ఉండకూడదు. గచ్చు బదులు బరువైన రాతి పలకలు, వాటి మధ్య నీరు దిగే సందులు ఉండాలి. రెయిలింగు పక్కకు వాల్చగలిగేది కావాలి. మూసారాంబాగ్ దగ్గరి పల్లపు వంతెన మీద నీరు పారినప్పుడల్లా రెయిలింగుకు చెత్తా చెదారం చుట్టుకుని అదే అడ్డుకట్టగా మారడం నగరమంతా చూసింది. నాలుగున్నర శతాబ్దాల పురానాపూల్‌ను గమనించినా ఇదే తెలుస్తుంది. వరసగా తెరిచి ఉన్న కమానుల్లోంచి నీటిని పోనిచ్చి అది బతికింది. వాహనాలు ఆపేశాక దాని మీద కూరగాయల అంగడి వెలిసి, నడిచేవాళ్ల దారిగానే కొనసాగింది.

ఇంత చేసినా, ఎగువన గేటు ఎప్పుడు లేస్తుందో కింద దారికి కాపలా ఉన్న మనిషికి తెలియకపోతే ప్రయోజనం లేదు. ఇప్పుడు జంట జలాశయాలు జలమండలి చేతిలో, అంటే తాగునీరు సరఫరా చేసే సంస్థ చేతిలో ఉన్నాయి. ఒడ్డు పని 2017లో ఏర్పాటైన మూసీ నదీతీర అభివృద్ధి సంస్థది. నాలాలు, రోడ్లు నగరపాలక సంస్థవి. వంతెనలు మూసేది పోలీసులు. 1909 నివేదికలో ఒకే మనిషి ఆలోచనలో ఉన్న పని నేడు నాలుగు చోట్ల చెదిరి ఉంది. దీన్ని మళ్లీ కలపడానికి ముందుగా కావాల్సింది ఒక అంకె. ఉస్మాన్‌సాగర్ పూర్తి మట్టం 1,790 అడుగులు, హిమాయత్‌సాగర్‌ది 1,763.5 అడుగులు. వానాకాలంలో ఏ నెలలో వాటిని ఎన్ని అడుగుల కింద ఆపాలి, ఎంత ఇన్‌ఫ్లో కనిపిస్తే గేట్లు ముందుగానే, కొద్దికొద్దిగా ఎత్తాలి అన్నది రాతపూర్వకమైన నియమం కావాలి. 1908 వరద సెప్టెంబరు చివర్లో వచ్చింది, 2025దీ సెప్టెంబరు చివర్లోనే, 2020ది అక్టోబరు మధ్యలో. అంటే జలాశయాలు నిండుగా కనిపించి అందరూ సంతోషపడే వారాల్లోనే ఖాళీ అవసరం ఎక్కువ. నడకదారికి టెండర్లు పిలవడానికి ముందే ఆ నెలవారీ మట్టాలను జీవోగా ప్రకటించాలి. ఒడ్డుకు దిగే ప్రతి ర్యాంపు దగ్గరా ఆ రోజు మట్టం, ఆ రోజు ఖాళీ తెలుగులో, ఉర్దూలో రాసిన బోర్డు పెట్టాలి. దాన్ని మార్చే బాధ్యత ఏ ఉద్యోగిదో పేరుతో సహా అక్కడే రాయాలి.